ప్రహ్లాదుడి నోటిపరీక్ష

మా వైపు పిల్లలు డిగ్రీ మొదటి ఏడాదిలోనే కాలేజీ ఎందుకు మానేస్తారని ఎవర్ని అడిగినా కారణాలు గడగడా చెప్తారు. చెనిక్కాయ పంట పోయింది. బోరు ఎండింది. అన్న బెంగళూరులో పనికి కుదిర్చినాడు. పిల్లకు సంబంధం వచ్చింది. అన్నీ నిజాలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే దేవుడు చల్లగా చూశాడనుకునే నేల మాది. మా తనకల్లు 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. బోర్డుల మీద పేరు మారింది, మబ్బులకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. అయితే ఈ కారణాల్లో ఎవరూ ఎత్తని కారణం ఒకటుంది. నలుగురి ముందు మాట్లాడటం నేర్పించేదే కాలేజీలో నా సబ్జెక్టు కాబట్టి నా కంటబడుతుంది. దాని పేరు సెమినార్ వారం.

మొదటేడు పిల్లలు ఒక్కొక్కరూ బోర్డు ముందు నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఇంటర్నల్ మార్కులు. ఆ వారం రాగానే వెనక బెంచీలు ఖాళీ అవుతాయి. జ్వరాలు, అవ్వల చావులు, ఆధార్ కార్డు పనులు అన్నీ ఆ వారంలోనే పడతాయి. పోయినవాళ్లు పోయినట్టు తిరిగొస్తే బాధ లేదు. కొందరు రారు. అట్లా రాకుండా పోయిన అబ్బాయి ఒకడు కొక్కంటి క్రాస్ దగ్గర కనబడితే నిలబెట్టి అడిగాను. వాడు చెప్పింది ఇది: "సెమినార్ పొద్దు రాలే మేడమ్. మర్నాడు వస్తే ఏల రాలేదంటారని రాలే. ఆపైన ఇంక ఏం మొగం పెట్టుకోని రావల్ల?"

అయిదు నిమిషాలకు భయపడి మూడేళ్లు వదులుకున్నాడు. ఫీజు కట్టలేక కాదు, మార్కులు తక్కువై కాదు. ఇందులో ఆర్థికశాస్త్రం కంటే వేదాంతమే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. మనిషి నలుగురి ముందు నోరు తెరవడానికి ప్రాణభయంలాంటి భయం ఎందుకు? ఆ భయాన్ని పోగొట్టమని నాకు జీతమిస్తున్నారే, అసలు అది పోగొట్టదగిందేనా?

ఈ రెండో ప్రశ్న నాది కాదు, మా నాయనది. ఆయన తనకల్లు పక్క పల్లెలో పండరి భజన గుంపుకు పెద్ద. నేనేం పాఠం చెప్తానో విన్నప్పుడు నవ్వాడు. "మాట్లాడేది నేర్పించేదానికి జీతమిస్తారా అమ్మా? ఊర్లో నోరుండేవాళ్లు తక్కువైనారా? ఎలక్షన్లప్పుడు సూడు. మాట్లాడకుండా ఉండేది నేర్పించు, సగం కొట్లాటలు నిలిచిపోతాయి." మాట ఎగతాళిదే గానీ దాని వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. మర్రిచెట్టు కింద కూర్చున్న దక్షిణామూర్తి నోరు విప్పకుండానే ముసలి శిష్యుల సందేహాలు తీర్చాడంటారు. (మర్రికి మాకు కరువు లేదు; 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమాను మా పక్కనే.) మౌనం జ్ఞానం, మాట అహంకారం. పైగా ఆడపిల్ల అయితే నోట్లో నాలుక లేదనడమే మెచ్చుకోలు.

నాయనతో వాదించడానికి నేను భగవద్గీత తీశాను, ఆయన దగ్గర ఇంకే పుస్తకం చెల్లదు కాబట్టి. పదిహేడో అధ్యాయంలో తపస్సు మూడు రకాలుగా చెప్పారు: శరీరంతో చేసేది, వాక్కుతో చేసేది, మనసుతో చేసేది. వాక్కుతో చేసే తపస్సు కింద మౌనం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ లేదు. అక్కడున్నది మాట్లాడటమే: ఎదుటివాణ్ణి కలతపెట్టకుండా, నిజం, ప్రియమైనది, మేలు చేసేది మాట్లాడటం, చదివినదాన్ని పదేపదే వల్లెవేసుకోవడం. మౌనం తర్వాతి శ్లోకంలో, మానసిక తపస్సు కింద, ప్రసన్నత పక్కన కూర్చుని ఉంది. అంటే మౌనం నోటికి వేసే తాళం కాదు, మనసుకు కలిగే నిమ్మళం. సెమినార్ రోజు చివరి బెంచీలో తలకాయ దించుకున్న పిల్లవాడి లోపల ఆ నిమ్మళం ఎక్కడుంది? గుండె దడదడ కొట్టుకుంటుంటే పెదాలు మూసుకున్నంత మాత్రాన వాడు దక్షిణామూర్తి అవుతాడా?

నాయన కాసేపు ఊరుకుని, "భయపడినోడిది మౌనం గాదులే," అన్నాడు. ఆయన ఒప్పుకున్నది అంతవరకే.

భయపడకుండా నోరు విప్పిన పిల్లవాడి కథ మా పక్కనే ఉంది. కదిరి గుడిలో నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చే రూపంలో ఉంటాడు, పక్కన ప్రహ్లాదుడు. ఫాల్గుణంలో రథం లాగేనాడు ఇసకేస్తే రాలని జనం. ఆ జనంలో ఎంతమంది గమనిస్తారో గానీ, ఆ కథంతా మొదలయ్యేది ఒక నోటిపరీక్షతో. భాగవతం ఏడో స్కంధంలో తండ్రి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, నువ్వు నేర్చుకున్నదాంట్లో మంచిదేదో చెప్పు అంటాడు. పిల్లవాడు ఇల్లనే చీకటిబావి విడిచి హరిని ఆశ్రయించడమే మంచిదంటాడు. రాజు మొదట నవ్వుతాడు, ఎవరో నేర్పించిన మాటలనుకుని మళ్లీ బడికి పంపిస్తాడు. కాపలా బాగా పెట్టండి అంటాడు. కొన్నాళ్లకు రెండో పరీక్ష. ఈసారి ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్తాడు. రాజు కోపం కొడుకు మీద కంటే ముందు పంతుళ్ల మీదికి పోతుంది. చండామార్కులు ఇద్దరూ వణికిపోయి, ఇది మేము నేర్పింది కాదు మహాప్రభో అని మొత్తుకుంటారు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ పంతుళ్ల మీద జాలి. ఇన్‌స్పెక్షన్ రోజు స్టూడెంటు సిలబస్‌లో లేనిది మాట్లాడితే లెక్చరర్ మొహం ఎట్లుంటుందో నాకు తెలుసు.

ఆ తొమ్మిదింట్లో మొదటిది శ్రవణం. కీర్తనం రెండోది. చెప్పడం కంటే వినడం ముందు. అరణ్యాల్లో ఉపనిషత్తులు చెప్పినవాళ్లూ శ్రవణం తర్వాతే మననం అన్నారు. ఇది మనకు ఎంత అలవాటైన వరస అంటే, దాంట్లో ఒక పద్ధతి ఉందని తట్టదు. ఇంకో సంగతి: శిక్షలన్నీ అయి మళ్లీ బళ్లో పడ్డాక, పంతుళ్లు ఇంటి పనుల మీద బయటికి పోయినప్పుడు తోటి పిల్లలు ప్రహ్లాదుణ్ణి ఆటకు పిలుస్తారు. అతను ఆట మాన్పించి వాళ్లతో మాట్లాడతాడు, వాళ్లు బొమ్మలు పక్కన పెట్టి వింటారు. తండ్రి ముందు, సభ ముందు పనికిరాని మాట అక్కడ పనికొచ్చింది. మాట అదే. విన్నవాళ్లు వేరు.

మా నాయన గుంపులో కూడా వరస ఇదే. కొత్తగా చేరిన పిల్లవాడు ఏళ్ల తరబడి వంత పాడతాడు. ముందుపాట పాడేవాడి నోట్లోంచి వచ్చింది విని, అదే మాట తిప్పి అంటాడు. ఎప్పుడో ఒక ఏకాదశి నాడు ముందుపాట పాడేవాడికి గొంతు పట్టుకుంటే, వంత పిల్లవాడు ఎత్తుకుంటాడు. వాడికి భయం తట్టదు. నలుగురూ తను అన్నది తిప్పి అంటారని తెలుసు కాబట్టి. "నువ్వు అట్లే నేర్చుకున్యావు గదా నాయనా," అంటే, "అది దేవుని పాట, నీ సెమినార్ గాదు," అన్నాడు. సరే.

నా క్లాసులో నేను చేసేది ఈ వంతపాటే. ప్రతి సెమినార్‌కూ మాట్లాడేవాడి పేరుతో పాటు వినేవాడి పేరు కూడా ముందురోజే నోటీసు బోర్డులో పెడతాను. మాట్లాడటం అయిపోయాక వినేవాడు లేచి తను ఏం విన్నాడో చెప్పాలి. బాగుందనకూడదు, బాలేదనకూడదు, సలహా ఇవ్వకూడదు. విన్నది చెప్పాలి, అంతే. తప్పు చెప్తే మాట్లాడినవాడు దిద్దాలి. వినడానికీ మార్కులున్నాయి. ఇది విని ఒక సహోద్యోగి, "చెవులుండే ప్రతివాడూ వింటాడు, దానికి మార్కులేంది మేడమ్?" అన్నాడు. స్టాఫ్ మీటింగుల్లో ఆయన వినే తీరు చూసినదాన్ని కాబట్టి జవాబు చెప్పలేదు.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. టమోటా పండించే ఇంటివాడు. బోర్డు ముందుకొచ్చాడు, చేతిలో సుద్దముక్క. అవసరం లేకపోయినా పట్టుకున్నాడు. 'ఇంపార్టెన్స్ ఆఫ్ ఎడ్యుకేషన్' అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు అన్నాడు, మూడోదానికి నోరు తెరిచి అట్లే నిలబడిపోయాడు. సుద్దముక్కను గోటితో గీకుతున్నాడు. తెల్లపొడి వాడి నల్ల బూటు మీద రాలుతోంది. క్లాసంతా చూస్తోంది. ఆరోజు వినే వంతు ఒక కదిరి అమ్మాయిది, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, అప్పటిదాకా క్లాసులో గొంతు విప్పింది లేదు. లేచి నిలబడి తెలుగులో ఇట్లా అంది: "రెండు మాటలు చెప్పినాడు. మూడోది ఏందో చెప్పబోయినాడు. అది నేను వినలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు, జరిగింది అదే. వాడు, "అది బట్టీ పట్టినా, మర్చిపోయినా," అన్నాడు. తెలిసింది చెప్పమన్నాను, తెలుగులోనే. మండీ గురించి మొదలుపెట్టాడు. తెల్లారకముందే బాక్సులు దించేది, వ్యాపారి వచ్చి ఏదో ఒక బాక్సు బోర్లించి అడుగున కాయ చూసేది, వేలం పాట, నూరు బాక్సులకు ఇన్ని బాక్సులని ఊరకే తీసుకునే జాక్‌పాట్. అమ్మాయి లేచి తిరిగి చెప్పింది. చెప్తూ జాక్‌పాట్ అంటే రైతుకు తగిలే లాటరీ అనుకుని, "వీళ్ల నాయనకు జాక్‌పాట్ కూడా వచ్చిందంట," అంది. వాడు ఒక్కసారిగా, "మాకు వచ్చేది గాదు! మా దగ్గర పీక్కునేది!" అని అరిచాడు. ఆ గొంతు వాడిదేనా అని నేనే తల తిప్పి చూశాను. తర్వాత గుక్క తిప్పుకోకుండా లెక్క చెప్పాడు. కిరాయి ఎంత, కూలి ఎంత, కమిషన్ ఎంత, ధర పడిపోయిన రోజు కాయను దార్లో ఎనుములకు పోసి ఖాళీ బాక్సులతో ఇంటికి రావడం ఎట్లుంటుంది. వాడికి మాట తెప్పించింది నేను కాదు, ధైర్యం పాఠాలు కాదు. తను చెప్పింది ఒకరు తప్పుగా విన్నారన్న ఉక్రోషం. తప్పుగానైనా సరే, విన్నారు కాబట్టే దిద్దాల్సి వచ్చింది.

మర్నాటి బోర్డులో వినేవాళ్ల జాబితాలో పేరున్న పిల్ల కాలేజీకి వస్తుంది. తను రాకపోతే మాట్లాడేవాడు ఎవరికి చెప్పుకోవాలి? మాట్లాడేవాడు రాకపోతే వినేవాడే ఫోన్ చేస్తాడు. నేను చేస్తే అటెండెన్సు కోసం అనుకుంటారు. ఇంతకీ బెంచీలు నిండిపోయాయని చెప్పడం లేదు. శ్రావణంలో ఒక పిల్లకు పెళ్లయింది, అత్తగారిల్లు చింతామణి పక్క. ఆ పెళ్లిని ఆపే శక్తి ఏ సెమినార్‌కూ లేదు. ఒకడు బెంగళూరు హోటల్లో సప్లయర్‌గా పోయాడు. కానీ మొగం చెల్లక మానేసేవాళ్లు మాత్రం తగ్గారు. ఒకరోజు రాకపోయినా మర్నాడు ఏమని అడుగుతారోనన్న బెదురు తగ్గింది, అడిగేది మేడమ్ కాదు, పక్కవాడు కాబట్టి.

ప్లేస్‌మెంట్ శిక్షణకని బయటి నుంచి వచ్చే ట్రైనర్లు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడమంటారు. పెద్దవాళ్ల కళ్లలోకి చూడకూడదని పుట్టినప్పటి నుంచి నేర్పించిన ఇంట్లోంచి వచ్చిన పిల్ల అరవై మంది కళ్లలోకి ఒకేసారి ఎట్లా చూస్తుంది? మా క్లాసులో తన శ్రోత ఒక్కదాని మొహం చూస్తే చాలు. మిగతా యాభై తొమ్మిది మందిని తర్వాత చూసుకోవచ్చు.

మాటకారితనం మీద నాయన అనుమానం గ్రీకు దేశంలోనూ ఉంది. ప్లేటో 'గోర్జియస్'లో సోక్రటీసు, వక్తృత్వం వంట చేసేవాడి చేతి అలవాటు లాంటిదే గానీ విద్య కాదంటాడు; ఒంటికి మంచిది వదిలి నాలుకకు రుచైంది పెడుతుందని. నాయనకు ప్లేటో తెలీదు గానీ మా ఊరి నాయకులు తెలుసు, కాబట్టి ఇద్దరూ ఒక చోటికే వచ్చారు. ఆ పుస్తకంలో నాకు నచ్చే చోటు అది కాదు. కొంత దూరం పోయాక కాలిక్లిస్ అనేవాడు విసుగెత్తి నేనింక జవాబు చెప్పను పొమ్మంటాడు. అప్పుడు సోక్రటీసు ప్రశ్నా తనే వేసుకుని, జవాబూ తనే చెప్పుకుంటూ పోవాల్సి వస్తుంది. అంతటివాడికీ ఎదురు మనిషి లేకపోతే ఇబ్బందే. వినేవాడు ఊఁ కొట్టకుండా తిప్పి అడుగుతాడని తెలిస్తే రుచి కోసం వండేవాడు కూడా కొంచెం జాగ్రత్తపడతాడు.

అయితే నా వాదానికి ఎదురు నిలిచే మనిషి ఒకామె ఉంది, అదీ మా రోడ్డు మీదే. మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ ఉంది కదా, ఆమె ఆత్మకథలో చెప్పుకున్న సంగతి: ఇంగ్లండ్‌లో సిబ్సీ అనే ఊళ్లో భర్త పాస్టరుగా ఉన్న చర్చిలో, 1873లో, తలుపు తాళం వేసుకుని పీఠం ఎక్కి ఖాళీ బెంచీలకు తన మొదటి ఉపన్యాసం ఇచ్చింది. అప్పుడే తన గొంతు బలం తనకు తెలిసిందంది. శ్రోత ఒక్కడు లేడు. మరి శ్రవణం ముందన్న మాట ఏమైనట్టు? నాకు తోచేది ఇది: బెంచీలు ఖాళీగా ఉన్నా అవి మనుషులు కూర్చునే బెంచీలే. పాస్టరు భార్యకు అక్కడ కూర్చుని వినే హక్కుందిగానీ ఎక్కి చెప్పే హక్కు లేదు. ఎన్ని ఆదివారాలు విందో అన్ని ఆదివారాల జవాబూ ఆరోజు ఆ ఖాళీ చర్చిలో చెప్పి ఉంటుంది. ఇది నా ఊహ. కాదనేవాళ్లు ఉండొచ్చు.

ఆమె పెంచిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది 1895లో, అదే మదనపల్లెలో. బళ్లో పంతుళ్లు మందబుద్ధి కింద లెక్కగట్టిన పిల్లవాడు 1986 దాకా ప్రపంచమంతా తిరిగి మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ జనాన్ని అడిగింది ఒప్పుకోమని కాదు, కాదనమనీ కాదు, వినమని. కటారుపల్లెలో సమాధి ఉన్న మా వేమన్న అయితే పద్యం పద్యానికీ వినమనే ముగిస్తాడు. ఆ పిలుపు ఎవరికన్నది పండితులు తేల్చుకోనీ. పిల్లలు మాత్రం ఆ చివరి పాదాన్ని గంట కొట్టే ముందు పరుగులాగా అప్పజెప్పేస్తారు.

వినేవాడుంటే చాలన్న, ఇంతవరకూ తిరుగులేదనుకున్న నా మాటను మొన్న ఒక పిల్ల మెలితిప్పింది. చిత్తూరు వైపు పల్లెల్లో భారతం మిట్టలుంటాయి, పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మను కూల్చేస్తారు. ఆ పిల్ల మేనత్త ఊరు అక్కడే. సెమినార్‌కు ద్రౌపది ప్రశ్న తీసుకుంది. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని సభలో అడిగింది కదా, ఆ సంగతి. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకోవడం, మిగతావాళ్లు తలలు దించుకోవడం. చక్కగా చెప్పింది. వినే అబ్బాయి లేచి, "ద్రౌపది అడిగింది, సభలో ఎవరూ వినలేదు," అన్నాడు.

"విన్నారు," అంది ఆ పిల్ల. "అందరూ విన్నారు. విని ఊరకుండినారు."

క్లాసులో గొడవ మొదలైంది. నేను వికర్ణుణ్ణి అడ్డం తెచ్చాను: కౌరవుల్లో ఒక్కడు లేచి ఆమె అడిగింది న్యాయమేనన్నాడు కదా, మన క్లాసు పద్ధతిలో చూస్తే ఆ సభ మొత్తంలో వినే వంతు సరిగ్గా చేసింది అతనొక్కడే అన్నాను. భీష్ముడికి చెవులున్నాయి; లేచి విన్నది చెప్పలేదు. నా జవాబు నాకు బాగానే అనిపించింది. ఆ పిల్ల కూర్చోలేదు. "చెప్పి ఏం చేసినాడు మేడమ్? యుద్ధం వచ్చినప్పుడు మళ్లా అన్న పక్కనే నిలబడినాడు. భీముని చేతిలో సచ్చినాడు." వెనక బెంచీలోంచి టమోటా అబ్బాయి, "అన్నను యాడ ఇడ్సిపెట్టి పోవల్లంటావు?" అన్నాడు. ఆమె వాడి వైపు తిరిగింది. ఈలోపు గంట కొట్టారు. కదిరి బస్సు పిల్లలు సంచులు తగిలించుకుంటూనే వాదిస్తున్నారు.

విని, విన్నది చెప్పి, ఆ తర్వాత ఏం చేయాలన్నది నా సిలబస్‌లో లేదు. వచ్చే వారం పట్టికలో వికర్ణుడి పేరు రాశాను. మాట్లాడేది టమోటా అబ్బాయి, వినేది ఆ పిల్ల. తెల్లారి మండీకి బాక్సులు దించి వస్తాడు కాబట్టి రెండో పీరియడ్ కావాలన్నాడు, ఇచ్చాను.